రెండువందల పద్నాలుగో పేజీ

మా ఇంట్లో నాలుగువందల అరవై ఆరు యుద్ధవిమానాల పుస్తకాలున్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఇష్టపడి కొన్నది కాదు. ఈ మాట చెబితే పాత పుస్తకాల కొట్లవాళ్లు నమ్మరు. పద్దెనిమిదేళ్లుగా వాళ్ల దుకాణాల్లో దుమ్ము మింగుతూ, పోయిన ఆఫీసర్ల ఇళ్లు ఖాళీ చేస్తున్నారని తెలిస్తే పడుతూ లేస్తూ అక్కడికి వెళ్తూ ఇవన్నీ పోగుచేశాను. వెళ్లిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న, "మీవారికా అమ్మా?" అని. మావారికి విమానమంటే నెత్తి మీదుగా చప్పుడు చేసుకుంటూ పోయేదని తప్ప ఇంకేమీ తెలియదు. "నాకే," అంటే ఎగాదిగా చూసేవారు. ఈవిడకి బాంబర్లతో ఏం పని అని వాళ్ల ముఖాల మీద రాసి ఉండేది. ఆ చూపుకి ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది.

నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. నిజమే. మా పుట్టింట్లో అందరికీ ఎక్కువే. కాకపోతే మాది నోరు మూసుకునే కోపం. మా నాన్న ఒకసారి నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తన కుర్చీ ఎవరో జరిపారని అలిగాడట, ఆ సంగతి మాకు ఐదోరోజుకి తెలిసింది. అరవడం నేను ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. ప్రెస్సులో మిషన్ల చప్పుడుకి మామూలుగా మాట్లాడితే ఎవరికీ వినబడదు.

ఆ ప్రెస్సులో ముప్పై ఒక్కేళ్లు ప్రూఫులు దిద్దాను. పద్దెనిమిదేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం నా బల్ల మీదికి వైమానిక దళం చరిత్ర ఒకటి వచ్చింది. అందులో తొంభై ఏడో పేజీలో మా అన్నయ్య ఉన్నాడు, పేరుతో సహా. శిక్షణ విమానం ఒకటి కూలిపోయిందనీ, ముందు సీటు పైలట్ పారాచూట్‌తో బయటపడ్డాడనీ, వెనక సీటులో ఉన్న ఇరవై రెండేళ్ల ట్రెయినీ చనిపోయాడనీ, అందుకు ఫలానా ఫిట్టరు, అంటే విమానాలు బాగుచేసే మా అన్నయ్య, నిర్లక్ష్యమే కారణమనీ రాశారు. ఎర్ర పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఆ వాక్యంలో ఒక్క అచ్చుతప్పు లేదు. దిద్దడానికేమీ లేదు కాబట్టి పేజీ తిప్పేశాను. ఆ పేజీ తిప్పడం గుర్తొచ్చినప్పుడల్లా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అన్నయ్యని ఉద్యోగంలోంచి తీసేసినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. రేకు పెట్టె మోసుకుంటూ గుమ్మంలోకి వచ్చి, "నన్ను తీసేశారు," అన్నాడు. నాన్న పేపరు మడిచి లోపలికి వెళ్లిపోయాడు. అమ్మ మంచినీళ్లిచ్చింది. ఏమైందని ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు. నలభై మూడేళ్లయింది ఆ మాటకి. అన్నయ్య పెళ్లి చేసుకోలేదు. అమ్మా నాన్నా పోయాక మా ఇంటికి వచ్చేశాడు. ముందుగదిలో ఓ మూల బల్ల వేసుకుని మిక్సీలు, ఫ్యాన్లు, కుక్కర్లు బాగుచేస్తాడు. బాగుచేసిన ప్రతి వస్తువుకీ ఒక చీటీ కడతాడు. లోపం ఏమిటి, ఏం చేశాను, ఏ తేదీ, కింద సంతకం. మిక్సీకి సంతకం ఏమిటని వీధిలో అందరూ నవ్వుతారు.

ఆ అబద్ధం ఎక్కడ పుట్టిందో పట్టుకోవాలని పుస్తకాలు కొనడం మొదలుపెట్టాను. ఒక పుస్తకం చివర ఉన్న జాబితా ఇంకో పుస్తకానికి దారి చూపించేది. అలా అలా మధ్యగది నాలుగు గోడలకీ ఇనుప ర్యాకులు వచ్చాయి. ఏ యుద్ధంలో ఏ స్క్వాడ్రన్ ఎక్కడుందో, ఏ ఇంజనుకి ఏ జబ్బో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. "మన ఇంటి మీద బాంబు పడితే, అది ఏ విమానం వేసిందో చెప్పి మరీ పోతుంది మా ఆవిడ," అని మా ఆయన వచ్చిపోయేవాళ్లందరికీ చెప్పి నవ్విస్తుంటాడు.

అన్నయ్య సంగతి పదకొండు పుస్తకాల్లో ఉంది. వాటికి వేరే అర పెట్టాను. మొదటిది అన్నయ్య పనిచేసిన స్క్వాడ్రన్ కమాండరు ఆత్మకథ, రెండువందల పద్నాలుగో పేజీ. ఆయన 'నిర్లక్ష్యం' అని ఊరుకున్నాడు. మూడో పుస్తకానికి అది 'ఘోర నిర్లక్ష్యం' అయింది. ఆరోదాంట్లో ఫిట్టరు ముందురోజు తాగి ఉన్నాడని చేర్చారు. మా అన్నయ్య టీ కూడా రెండోసారి తాగడు! తొమ్మిదోదాంట్లో విద్రోహమేమో అని అనుమానం. పదకొండుమందీ ఒకరి వెనక ఒకరు గొర్రెల్లా నడిచారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఆ ఫిట్టరు బతికే ఉన్నాడా, ఓసారి అడుగుదామా అనుకోలేదు. పెద్ద చదువులు చదివినవాళ్లే అందరూ. వెనక అట్టల మీద గంభీరంగా ఫొటోలు కూడా వేయించుకున్నారు.

"అబద్ధమని నీకెలా తెలుసు? మీ అన్నయ్యని అడిగావా?" అని మా ఆయన ఓసారి అన్నాడు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

రెండు నెలల క్రితం దొరకాల్సింది దొరికింది. ఆ రోజు విమానం నడిపి, బతికి బయటపడ్డ పైలట్ మొన్నీమధ్యే పోయాడు. ఆయన పుస్తకాలు కట్టలుగా పాత కొట్టుకి చేరాయి. కమాండరు ఆత్మకథ ప్రతి ఒకటి అందులో ఉంది. నా దగ్గర అప్పటికే ఒకటి ఉన్నా చెయ్యి ఊరుకోక తీశాను. రెండువందల పద్నాలుగో పేజీ బయటి అంచున, చివరిదాకా, సన్నటి పెన్సిల్ రాత. "తప్పు. ఫిట్టరు రిజిస్టర్లో రాశాడు. గట్టి మలుపులు తిప్పవద్దని రాశాడు. నేను చదవకుండా సంతకం పెట్టాను. విచారణలో నోరు విప్పలేదు. ఆ పేజీ తర్వాత కనబడలేదు." కింద పొడి అక్షరాల సంతకం. మొదటి పేజీలో ఆయన పూర్తి పేరు.

విమానం ఎక్కేముందు పైలట్ రిజిస్టరు చదివి, ఫిట్టరు రాసిందంతా చూశానని సంతకం పెట్టాలి. ఇది నా పుస్తకాలే నాకు నేర్పాయి. ఆ కొట్లో, ఆ దుమ్ములో, స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. కొట్టువాడు నీళ్లు తెచ్చి, "బాగా దగ్గరివాళ్లా అమ్మా?" అన్నాడు.

వైమానిక దళం మీద కొత్తగా పెద్ద చరిత్ర రాస్తున్న రచయిత ఒకాయన ఉన్నాడు. ఆయనకి ఫోన్ చేశాను. మా ఆయన తీసిన ఫొటో పంపించాను. పెన్సిల్ లేతగా ఉండటంతో ఫొటోలో మసి మరకలా వచ్చింది. "అసలు ప్రతి నా కళ్లతో చూస్తే పన్నెండో అబద్ధం నేను రాయను. పుస్తకం వచ్చే నెల అచ్చుకి వెళ్తోంది, ఆదివారం వస్తాను," అన్నాడాయన. అన్నయ్యకి చెప్పలేదు. ఆదివారం పుస్తకం వాళ్లిద్దరి మధ్యా పెట్టి, తన ముఖం చూడాలనుకున్నాను.

ఇక్కడ నా బుద్ధి గడ్డి తింది. ఆ పుస్తకం వీపు విరిగి, అట్ట ఊడి, అంచులు చెమ్మకి మరకలు కట్టి ఉంది. అలాంటి దాన్ని పెద్దమనిషి ముందు ఎలా పెడతాం అనుకున్నాను. బుధవారం తీసుకెళ్లి బైండరుకి ఇచ్చాను. పద్దెనిమిదేళ్లుగా నా పుస్తకాలన్నీ కుట్టేది అతనే. "ఆదివారం గొప్పవాళ్లు చూస్తారయ్యా, పరువుగా ఉండాలి," అన్నాను. అన్నది అంతే.

శుక్రవారం సాయంత్రం వెళ్లాను. ముదురు నీలం గుడ్డ అట్ట, బంగారు అక్షరాలు, ముందూ వెనకా తెల్లటి కొత్త కాగితాలు. అంచులు కత్తి మిషనులో కోసి, చెయ్యి పెడితే జారిపోయేంత నున్నగా ఉన్నాయి. రెండువందల పద్నాలుగో పేజీ తీశాను. ప్రతి వరసకీ చివర రెండేసి అక్షరాలు మిగిలాయి. తక్కినదంతా పోయింది.

"అంచు కోశావా?"

"కొయ్యకపోతే ఎలాగమ్మా? చెమ్మ మరకలు పోయేదాకా కోశాను. మామూలుగా అంత కొయ్యను. మీరు పరువుగా అన్నారని వేలెడు ఎక్కువే కోశా."

"దాని మీద రాత ఉంది కదయ్యా! కళ్లు నెత్తిమీదున్నాయా?"

"పెన్సిల్ గీతలుంటాయమ్మా పాత పుస్తకాల్లో. ఎవరో పిచ్చిగీతలు గీసి ఉంటారనుకున్నా. రబ్బరుతో తుడిచే పని కూడా కోత తప్పించిందిలే అనుకున్నా."

ఆ మాటకి నేనేం తిట్టానో పూర్తిగా గుర్తులేదు. గుర్తున్నంతవరకు రాయదగ్గవి కావు. అతని తాత దగ్గర్నుంచి మొదలుపెట్టాను. పక్క కొట్లవాళ్లు వచ్చి నిలబడ్డారు. అతను జిగురు చేతులు లుంగీకి తుడుచుకుంటూ తలవంచుకుని నిలబడ్డాడు. కోసిన ముక్కలేవి అని అడిగితే మూలనున్న గోనెసంచి చూపించాడు. ఉదయం ఒక సంచి కాగితాల లారీకి వెళ్లిపోయిందట. మిగిలినదాన్ని నేల మీద గుమ్మరించి, అరవై రెండేళ్లదాన్ని, చతికిలబడి వెతికాను. సేమ్యాలాంటి కాగితం పోగులు, వందల పుస్తకాలవి. అతనూ ఎదురుగా కూర్చుని ఒక్కో పోగూ వెలుతురుకి పట్టి చూశాడు. గంటసేపు వెతికాం. పెన్సిల్ గీత కనబడలేదు.

"నాకు ఒక్కమాట చెప్పాల్సిందమ్మా," అన్నాడు చివరికి. "మీరు ప్రెస్సు మనిషి కదా, కోత ఉంటుందని మీకు తెలియదా?"

తెలుసు. ఎందుకు తెలియదు? అంచుకి అరంగుళం వదలకపోతే మిషను తినేస్తుందని ప్రెస్సులో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ పాఠం చెప్పినదాన్ని నేను. ఊరందరికీ చెప్పి, నా పుస్తకానికి వచ్చేసరికి నోరు మూసుకున్నాను. నా కోపంలో సగం అతని మీద, సగం నా మీద. రెండు సగాలూ మోసుకుంటూ ఇంటికి నడిచాను.

అన్నయ్య ముందుగదిలో ఎవరిదో మిక్సీ విప్పి కూర్చున్నాడు. నేను పుస్తకం బల్ల మీద విసిరేసి అరవడం మొదలుపెట్టాను. బైండరుని, కమాండరుని, పదకొండుమంది రచయితల్ని, చచ్చిపోయిన పైలట్‌ని, వరసపెట్టి అందర్నీ తిట్టాను. మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. నేను చెప్పే స్థితిలో లేనని చూసి, "అది కాదు బావగారూ," అంటూ పెన్సిల్ రాత సంగతి, రచయిత సంగతి, కోత సంగతి తనే చెప్పాడు.

అన్నయ్య స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. చేతులు గుడ్డతో తుడుచుకుని, నా నాలుగువందల అరవై ఆరు పుస్తకాల్లో ఒకదాన్ని మొదటిసారి ముట్టుకున్నాడు. రెండువందల పద్నాలుగో పేజీ చదివాడు. మిగిలిన రెండేసి అక్షరాలు వేలితో తడిమాడు.

"ఇదంతా దీనికోసమా?" అన్నాడు. "ఆ గది నిండా ఉన్నవి?"

"మరి దేనికనుకున్నావు?"

"విమానాలంటే ఇష్టమనుకున్నా. నీ పిచ్చి నీదిలే అని ఊరుకున్నా." లేచి నిలబడ్డాడు. తన గొంతు పెరగడం నా జన్మలో అదే మొదటిసారి వినడం. "ఎక్కడెక్కడో తిరిగావు. చచ్చిపోయినవాళ్ల పుస్తకాలు తిరగేశావు. ఆ పైలట్ ఏం రాశాడో కావాలి, కమాండరు ఏం కూశాడో కావాలి. నేనున్నానుగా పక్క గదిలో! రోజూ నా కంచంలో అన్నం పెడతావు కదా! నోరు తెరిచి ఒక్కసారి, ఒక్కసారి నన్నడిగావా?"

"నీకు బాధని..."

"అబద్ధం చెప్పకు."

చెప్పలేకపోయాను. నిజం ఏమిటంటే నాకు భయం. అడిగితే, "అవును, నా తప్పే," అంటాడేమోనని భయం. పద్దెనిమిదేళ్లపాటు పుస్తకం మీద పుస్తకం పేర్చింది ఆ ఒక్క ప్రశ్న అడగకుండా తప్పించుకోవడానికే. నేను తిట్టిన పదకొండుమందికీ నాకూ తేడా ఏమిటంటే, వాళ్లకి అన్నయ్య ఎక్కడున్నాడో తెలియదు. నాకు తెలుసు.

"నీ తప్పేనా అన్నయ్యా?" అన్నాను. నలభై మూడేళ్లకి.

తను కూర్చున్నాడు. మా ఆయన వెళ్లిపోబోతే, "మీరూ ఉండండి," అన్నాడు.

"హైడ్రాలిక్ గొట్టం జాయింటు చెమరుస్తోంది. ధార కాదు, చెమ్మ. కొత్త గొట్టం మర్నాటికి గానీ రాదు. ఒక్క సార్టీకి, అంటే ఒకసారి ఎగిరి దిగడానికి, ఫర్వాలేదు, గట్టి మలుపులు తిప్పకూడదు, దిగాక మార్చాలి. అలాగే రిజిస్టర్లో రాశాను. సంతకం పెట్టాను. మామూలుగా అయితే నిచ్చెన ఎక్కి, పైలట్ బెల్టులు బిగిస్తూ నోటితో కూడా చెబుతాం. రాసింది చదివినా చదవకపోయినా చెవిన పడుతుందని. అది రూలు కాదు, మా అలవాటు."

"మరి?"

"ఆ పొద్దున ఆయన నన్ను అందరి ముందూ తిట్టాడు. టైరు మీద మట్టి ఉందని. నాకు కోపమొచ్చింది. నిచ్చెన ఎక్కాను, బెల్టులు బిగించాను, నోరు మూసుకుని దిగిపోయాను. రాశాను కదా, చదువుకుంటాడు, నేనెందుకు మాట్లాడాలి అనుకున్నా. వెనక సీటు కుర్రాడికి కూడా నేనే బెల్టు బిగించాను. 'థాంక్స్ అన్నా,' అన్నాడు. వాడిక్కూడా బదులు చెప్పలేదు."

నాకు నాన్న కుర్చీ గుర్తొచ్చింది. ఆ కుర్చీ దగ్గర నేర్చుకున్న మౌనం ఒక మనిషిని మింగేసిందని నాకప్పుడు తెలిసింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు.

"విచారణలో చెప్పలేదా?" అన్నాడు మా ఆయన.

"రిజిస్టర్లో రాశానని చెప్పాను. పేజీ లేదన్నారు. పైలట్ నా వంక చూడలేదు. నిచ్చెన సంగతి నేనూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు."

ఆ పేజీ చింపినవాడిని ఈ రోజుకీ క్షమించను. పైలట్ పుస్తకం అంచున గుసగుసలాడి పోయాడు, అతన్నీ క్షమించను. అన్నయ్యని మాత్రం ఏం చెయ్యాలో తెలియక, తన బల్ల మీది మరలన్నీ ఏరి డబ్బాలో వేస్తూ కూర్చున్నాను. "కలిపెయ్యకు, సైజులు వేరు," అన్నాడు.

తర్వాత తనే పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. అట్ట తెరిస్తే బైండరు అంటించిన కొత్త తెల్లకాగితం. మిక్సీ చీటీలు రాసే పెన్ను తీసి, స్కేలు పెట్టి నిలువు గీతలు గీశాడు. తేదీ, విమానం నంబరు, లోపం, చేసిన పని, సంతకం, చూసినవారి సంతకం. నలభై మూడేళ్లనాటి తేదీ, నంబరు తడుముకోకుండా రాశాడు. గొట్టం సంగతి ఆ రోజు రాసిన మాటల్లోనే రాసి ఉంటాడు. కింద రెండో వరస మొదలుపెట్టాడు. 'లోపం' అన్నచోట: పైలట్‌కి నోటితో చెప్పలేదు. కారణం కోపం. 'చేసిన పని' అన్నచోట చాలాసేపు పెన్ను ఆపాడు. ఆదివారం చెబుతాను, అని రాశాడు.

"రచయితకి ఇదంతా చెబుతావా? రెండో వరస కూడా?" అన్నాను. "మొదటిది చాలదా అన్నయ్యా? అది చాలు, నీ తప్పు లేదని రాస్తాడు."

"ఒక వరస చింపేస్తే నువ్వూ ఆ పేజీ చింపినవాడూ ఒకటే."

చురుక్కుమంది. నిజమైన మాటకి ఆ గుణం ఉంటుంది.

తన పేరు, సర్వీసు నంబరు వేసి, సంతకం చేసి, పెన్ను నా వైపు తిప్పాడు. "చేసినవాడొకడు, చూసినవాడొకడు. రెండో సంతకం లేకపోతే చెల్లదు. పెట్టు."

కళ్లు నీళ్లతో మసకబారి ఏమీ కనబడటం లేదు. ఎలాగో గడి వెతుక్కుని పెన్ను ఆనించాను.

అన్నయ్య నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"చదివి పెట్టు," అన్నాడు.

పెన్ను కింద పెట్టి, కళ్లు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకున్నాను. మొదటి గడి నుంచి చదవడం మొదలుపెట్టాను, పైకి, ఇద్దరికీ వినబడేలా.